పీవీసీ పైపుల యూనిట్‌లో పని, తగ్గని కడుపునొప్పి: ఏ పరీక్ష, ఎవరికి, ఉద్యోగం మానాలా?

అమ్మా, మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. మీ ఆయనకి 34 ఏళ్లు. హైదరాబాద్ శివార్లలో ఒక పీవీసీ పైపుల యూనిట్‌లో ఆరేళ్లుగా మిక్సింగ్ సెక్షన్‌లో పని. నాలుగైదు నెలలుగా బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నీరసం, ఊరికే చిరాకు. గ్యాస్ మాత్రలు వాడారు, ఎండోస్కోపీ చేయించారు, ఏమీ దొరకలేదు. మీ మరిది చెప్పుల యూనిట్‌లో ఉన్నాడు, అతనికి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఇంట్లో మూడేళ్ల బాబు, మీకు ఇప్పుడు మూడో నెల. చుట్టాలేమో ప్లాస్టిక్ అంటేనే క్యాన్సర్, వెంటనే మానిపించమంటున్నారు.

చిన్న జవాబు: ఈ వారంలోనే ఆయనకి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ల్యాబుల్లో దాన్ని బ్లడ్ లెడ్ అంటారు. మీకూ, బాబుకీ కూడా చేయించండి. ఉద్యోగం మానడం గురించి రిపోర్టు చేతికొచ్చాక ఆలోచిద్దాం. నేను ఫ్యాక్టరీల్లో వైద్యాధికారిగా చేసి రిటైరైనవాణ్ని. ఇలాంటి కడుపునొప్పిని అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లిన సందర్భాలు నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఈలోపు వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, మతి తప్పినట్టున్నా, ఫిట్స్ వచ్చినా పరీక్ష కోసం ఆగకండి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు వివరంగా.

ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అంటే జబ్బు ఒకటే అనుకోవడం దగ్గరే మన వాళ్ల తికమక మొదలవుతుంది. తయారైపోయిన పైపు, బకెట్, కుర్చీ ముట్టుకుంటే మనిషికి ఏమీ కాదు. హాని మూడు చోట్ల ఉంటుంది. ప్లాస్టిక్‌గా మారకముందు ఉండే ముడి రసాయనం ఒకటి. గట్టితనానికో మెత్తదనానికో రంగుకో అందులో కలిపే పొడులు, నూనెలు రెండోది. వేడి చేసినప్పుడు లేచే పొగ మూడోది. మీ ఆయన ఈ మూడింటిలో దేని పక్కన నిలబడుతున్నాడన్నదే అసలు ప్రశ్న. ఒకే షెడ్డులో మిక్సర్ దగ్గరివాడికి వచ్చే జబ్బు, పైపులు లాగే మెషీన్, అంటే ఎక్స్‌ట్రూడర్ దగ్గరివాడికి రాకపోవచ్చు. గ్రైండర్ దగ్గరివాడి కథ ఇంకొకటి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లి "ప్లాస్టిక్ కంపెనీలో చేస్తాడు సార్" అంటే ఆయనకి ఏమీ తెలియదు. "బస్తాలు కోసి మిక్సర్‌లో పోస్తాడు సార్, పొడి బాగా లేస్తుంది" అంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే.

పీవీసీ రెసిన్, అంటే పైపులకి వాడే ప్లాస్టిక్ పొడి, ఒంటరిగా వేడికి తట్టుకోదు. 180, 190 డిగ్రీల దగ్గర పైపుగా లాగాలంటే అది మాడిపోకుండా స్టెబిలైజర్ కలపాలి. మన దేశంలో పైపుల వాళ్లు దశాబ్దాలపాటు వాడింది సీసం ఉప్పులు: ట్రైబేసిక్ లెడ్ సల్ఫేట్, లెడ్ స్టియరేట్ లాంటివి. చౌక, బాగా పనిచేస్తాయి. చాలా యూనిట్లలో వీటిని విడిగా కాకుండా మిగతావాటితో కలిపి వన్‌ప్యాక్ పేరుతో బస్తాల్లో కొంటారు. దాంతో లోపల సీసం ఉందన్న సంగతి ఆపరేటర్‌కే కాదు, ఒక్కోసారి సూపర్‌వైజర్‌కి కూడా తెలియదు. పైపుల్లో సీసం స్టెబిలైజర్ల మీద కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. ఆ తర్వాత చాలామంది కాల్షియం-జింక్ రకానికో, టిన్ రకానికో మారారు. ఇది మంచి మార్పు. కానీ చిన్న యూనిట్లలో పాత పైపుల స్క్రాప్ నలగ్గొట్టి మళ్లీ కలుపుతారు కదా, ఆ స్క్రాప్‌లో పాత సీసం అలాగే ఉంటుంది. కాబట్టి "మా దగ్గర లెడ్ లేదండీ" అని ఓనరు నిజాయతీగానే అన్నా, ఆ మాటతో సరిపెట్టుకోకండి.

పైపులో బిగిసిపోయాక సీసం పెద్దగా కదలదు. ప్రమాదం పొడిగా ఉన్నప్పుడే. బస్తా కోసి తొట్టిలో గుమ్మరించేటప్పుడు, ఖాళీ బస్తా దులిపి మడతపెట్టేటప్పుడు, షిఫ్ట్ చివర చీపురుతో నేల ఊడ్చేటప్పుడు. ఈ మూడు పనులూ సాధారణంగా మిక్సింగ్ వాళ్లవే. మీ ఆయన ఇంటికి పిండిగిర్నీ నుంచి వచ్చినవాడిలా కనుబొమల మీద తెల్లటి పొడితో వస్తాడని రాశారు. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

సీసం ఊపిరితోనూ వెళ్తుంది, చేతుల మీదనుంచి నోటికీ వెళ్తుంది. మిక్సర్ పక్కనే టిఫిన్ విప్పడం, చేతులు కడగకుండా బీడీ, గుట్కా, ఈ రెండూ ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకున్నా లాభం తక్కువ. లోపలికి వెళ్లినది రక్తంలో నెల, నెలన్నరకి సగానికి తగ్గుతుంది, కానీ అందులో పెద్ద భాగం ఎముకల్లో చేరి పదులకొద్దీ ఏళ్లు ఉండిపోతుంది. లక్షణాలు మీరు చెప్పినవే: బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, కీళ్లనొప్పులు, నిద్రపట్టకపోవడం, చిరాకు. కొందరిలో బీపీ పెరుగుతుంది. ఏళ్లు గడిస్తే కిడ్నీ దెబ్బతింటుంది, మణికట్టు వాలిపోతుంది. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి. చిగుళ్ల అంచున నీలి నల్లటి గీత కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ఉంటే అనుమానం బలపడుతుంది, లేదని నిశ్చింతగా ఉండకూడదు.

ఒక్క మాట. ఇవే లక్షణాలు వేరే కారణాలతోనూ వస్తాయి. ఆయనది సీసం వల్లే అని నేను చూడకుండా చెప్పలేను. పరీక్ష సులువైనది, చెయ్యకపోతే నష్టం పెద్దది, అందుకే ముందు అది.

పరీక్ష విషయంలో మూడు జాగ్రత్తలు. మోచేతి దగ్గర చర్మాన్ని సబ్బుతో కడిగాకే రక్తం తీయాలి, పైన అంటిన పొడి కలిస్తే అంకె తప్పుగా పెరుగుతుంది. లెడ్ పరీక్షకి వాడే ప్రత్యేక ట్యూబులోనే తీయమనండి. సీరంలో కాదు, మొత్తం రక్తంలో కొలవాలి. షిఫ్ట్ ముందా తర్వాతా అన్న పట్టింపు దీనికి లేదు. దీంతోపాటు హిమోగ్లోబిన్, రక్తపు స్మియర్, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ చేయిస్తే చాలు. వేలకి వేలు పోసి క్యాన్సర్ ప్యాకేజీలు, "హెవీ మెటల్ డీటాక్స్" ప్యాకేజీలు చేయించకండి. వెంట్రుకల్లో లోహాల పరీక్ష అని కొందరు అమ్ముతున్నారు, వైద్యం నిర్ణయించడానికి అది పనికిరాదు.

అంకెను ఎలా చదవాలంటే, రిపోర్టులో డెసీలీటరుకు మైక్రోగ్రాములు అని ఉంటుంది. 5 దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీ ఆయనకున్నంత నొప్పి సాధారణంగా 40 దాటాక చూస్తాం. 60 దాటితే ఆ పనినుంచి తప్పించాలి, 40 కిందికి దిగాకే తిరిగి పంపాలి అన్నది అమెరికా సాధారణ పరిశ్రమల పాత నియమం. ఇప్పటి వృత్తివైద్య నిపుణులు అది మరీ వదులు అంటారు. ఒకసారి 30 వచ్చినా, రెండుసార్లు వరుసగా 20 దాటినా పక్కకి తప్పించమంటారు. నేనూ ఆ పక్షమే. మీకు కడుపులో బిడ్డ ఉంది కాబట్టి మీ అంకె 5 లోపే ఉండాలి. సీసం మాయని దాటి బిడ్డకి చేరుతుంది. బాబు విషయంలో సురక్షితం అని చెప్పగల అంకే లేదు. 5 వచ్చినా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, చదువు మీద, ఎదుగుదల మీద దాని ప్రభావం ఉంటుంది.

మీకూ బాబుకీ ఎందుకంటారా? ఆయన బట్టల వల్ల. ఆ చొక్కా మీరు దులిపి, బాబు బట్టలతో కలిపి నానబెడతారు. బాబు నాన్న రాగానే ఎగిరి భుజమెక్కుతాడు. ఈ రోజునుంచే పని బట్టలు, చెప్పులు ఫ్యాక్టరీలోనే మార్చుకుని, వీలైతే తలస్నానం చేసి రమ్మనండి. కుదరకపోతే గుమ్మం బయటే విప్పి కవరులో పెట్టాలి. ఆ బట్టలు విడిగా, దులపకుండా, ఆయనే ఉతకాలి. మీరు ముట్టుకోవద్దు. ఇల్లు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.

మందుల గురించి. సీసాన్ని బయటికి లాగే మందులున్నాయి, వాటిని కీలేషన్ అంటారు. అంకె బాగా ఎక్కువున్నప్పుడు, ఆసుపత్రిలో, సీసం సోకడం పూర్తిగా ఆగాకే ఇస్తారు. పొద్దున ఆ మాత్ర వేసుకుని మధ్యాహ్నం మళ్లీ మిక్సర్ దగ్గరికి వెళ్లడం ప్రమాదం. నాటువైద్యం భస్మాలు కూడా వద్దు, వాటిలో కొన్నిటిలో సీసమే ఉంటుంది. ఇప్పటికే ఏవైనా వాడుతుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. ఇంట్లో సుర్మా వాడుతుంటే అది కూడా.

ఇక్కడ పాలు, బెల్లం సంగతి. మన ఫ్యాక్టరీల్లో దుమ్ము సెక్షన్ వాళ్లకి షిఫ్ట్ చివర బెల్లం ముక్కో గ్లాసుడు పాలో అరటిపండో ఇస్తారు. బెల్లం గొంతులో దుమ్ముని కడుపులోకి లాగేస్తుందని నమ్మకం. నిజంగా అలా లాగితే సీసం విషయంలో అది ఇంకా చెడ్డది కదా! ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని బెల్లం ఏమీ చెయ్యలేదు. అయితే ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువున్నవాళ్లలో పేగులు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటాయి. కాబట్టి పాలు తాగడం, రాగులు, ఆకుకూరలు తినడం మంచిదే. అది తిండి విషయం, రక్షణ కాదు. పాల ప్యాకెట్ ఇచ్చి పొడి లాగే ఫ్యాన్ పెట్టని యజమాని ఖర్చు మిగుల్చుకుంటున్నాడంతే.

ఇక క్యాన్సర్ భయం. చుట్టాలు అన్నదానికి ఒక నిజమైన మూలం ఉంది. పీవీసీ ముడి రసాయనం పేరు వినైల్ క్లోరైడ్, అది వాయువు. 1974 జనవరిలో అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని బీఎఫ్ గుడ్‌రిచ్ ప్లాంటు ఒక సంగతి బయటపెట్టింది. అక్కడ పనిచేసిన ముగ్గురు యాంజియోసార్కోమా అనే అతి అరుదైన కాలేయ క్యాన్సర్‌తో పోయారు. మొత్తం దేశంలో ఏడాదికి కొన్ని పదుల మందికి మాత్రమే వచ్చే జబ్బు ఒకే ప్లాంటులో ముగ్గురికి రావడం యాదృచ్ఛికం కాదని పట్టుకున్నది ఆ ప్లాంటు వైద్యుడు జాన్ క్రీచ్. ఇటలీలో చెసారె మాల్తోని అప్పటికే జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అదే క్యాన్సర్ కనిపించింది. చనిపోయినవాళ్లు చేసిన పని రియాక్టర్లలోకి దిగి లోపల గోడలకి అంటుకున్న ముద్దని గీకి శుభ్రం చేయడం. వాళ్లలో కొందరికి అంతకుముందే వేలికొసల ఎముకలు కరిగిపోయేవి, చలికి వేళ్లు తెల్లబడేవి. ఆ హెచ్చరికని ఎవరూ సరిగా పట్టించుకోలేదు.

అప్పటిదాకా అమెరికాలో గాలిలో ఈ వాయువు 500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 500) వరకూ పరవాలేదనేవారు. దాన్ని ముందు తాత్కాలికంగా 50కి, ఆ తర్వాత 1 పీపీఎంకి తగ్గించారు. పరిశ్రమ మూతపడుతుందని కంపెనీలు గగ్గోలు పెట్టాయి. మూతపడలేదు. రియాక్టర్లని మనిషి దిగకుండా నీటిధారతో కడగడం, మిగిలిన వాయువుని తిరిగి పట్టి వాడుకోవడం నేర్చుకున్నారు. ఎవరైనా "ఇంత జాగ్రత్త మన పరిశ్రమ తట్టుకోలేదు" అంటే నాకు ఈ కథే గుర్తొస్తుంది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో ఈ వాయువుకి పెట్టిన పరిమితి 5 పీపీఎం, అంటే వాళ్లకంటే ఐదు రెట్లు వదులు.

ఇది మీ ఆయనకి ఎంతవరకు వర్తిస్తుంది? చాలా తక్కువ. రెసిన్ తయారుచేసే పెద్ద ప్లాంటు వేరు, ఆ రెసిన్ బస్తా కొని పైపులు లాగే యూనిట్ వేరు. ఇప్పటి రెసిన్‌లో మిగిలిపోయే వినైల్ క్లోరైడ్ అత్యల్పం. పైపుల యూనిట్ మిక్సింగ్ మనిషికి నేను భయపడేది సీసానికి, దుమ్ముకి. పైపులు లాగేచోట ఉన్నవాడికైతే వేడి పొగకి. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లూ గొంతూ మంటెక్కుతాయి. మెషీన్ ఆగి మళ్లీ మొదలెట్టేటప్పుడు, పైపుకి ఆకారమిచ్చే డై విప్పి మంటతో కాల్చి శుభ్రం చేసేటప్పుడు అది ఎక్కువ. ఇంకో సంగతి, ఎసెటాల్ అనే వేరే ప్లాస్టిక్ నడిచిన మెషీన్ బ్యారెల్‌లో కడగకుండా పీవీసీ ఎక్కించకూడదు. ఆ రెండూ కలిస్తే ఒక్కసారిగా విరిగిపోయి, ఫార్మాల్డిహైడ్ గుప్పున వచ్చి, లోపలి పదార్థం నాజిల్‌లోంచి చిమ్ముతుంది. మౌల్డింగ్‌లో ఉన్న స్నేహితులుంటే ఈ మాట చెప్పండి.

మీ మరిది సంగతి వేరే దారి. ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ చెప్పులు ఉబ్బి తేలికగా రావాలంటే గాలిబుడగలు పుట్టించే పసుపు పొడి కలుపుతారు. దాని పేరు అజోడైకార్బనమైడ్. ఇది ఆస్తమా తెచ్చే రకం. కొన్ని నెలలో కొన్నేళ్లో ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒంటికి అది పడకుండా పోతుంది. ఒకసారి పడకపోయిందంటే చిటికెడు పొడికి కూడా రాత్రంతా దగ్గు. పాలీయురేథేన్ సోల్ పోసేచోట, ఫోమ్ పరుపుల దగ్గర వాడే ఐసోసైనేట్లది కూడా ఇదే తీరు, ఇంకా తీవ్రం. గుర్తుపట్టే పద్ధతి సులువు: ఆదివారానికి తగ్గుతుందా, సెలవుపెట్టి ఊరెళ్తే పూర్తిగా పోతుందా, తిరిగొచ్చిన మొదటి రెండు రోజుల్లో మళ్లీ మొదలవుతుందా? అవునంటే పనివల్ల వచ్చిన ఆస్తమా అనే అనుకోవాలి. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం మెడికల్ షాపులో దొరుకుతుంది. రోజుకి నాలుగుసార్లు ఊది, పని ఉన్న రెండు వారాలూ, సెలవున్న కొన్ని రోజులూ అంకెలు రాసుకుంటే ఛాతీ డాక్టరుకి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఇతని విషయంలో నా సలహా మీ ఆయనకి చెప్పినదానికంటే కఠినం. ఆ పొడి వల్లే అని తేలితే సెక్షన్ మారాలి, అది కుదరకపోతే ఆ యూనిట్ వదలాలి. ఇన్‌హేలర్ పీల్చుకుంటూ అక్కడే కొనసాగితే ఆస్తమా శాశ్వతంగా మిగిలిపోతుంది.

మీ ఆయనకీ, మరిదికీ నేరుగా సంబంధం లేకపోయినా ఇంకో ప్లాస్టిక్ ముడి రసాయనం స్టైరీన్ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే తెలుగువాళ్లకి ప్లాస్టిక్ రసాయనం అనగానే గుర్తొచ్చేది అదే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకునుంచి వెంకటాపురం మీదికి వచ్చినది స్టైరీన్ ఆవిరి. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిలవ ఉన్న స్టైరీన్ తనంతట తాను గడ్డకట్టడం మొదలై వేడెక్కింది. దాన్ని ఆపే నిరోధకం చాలినంత లేదు, ట్యాంకు పైభాగంలో వేడి ఎంతుందో చూపే ఏర్పాటూ లేదు. ఒక్కరోజు విపత్తు అందరికీ తెలుసు. రోజూ కొద్దికొద్దిగా పీల్చేవాళ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. వాళ్లు ఎక్కువగా ఉన్నది ఫైబర్ ట్యాంకులు, తలుపులు, బాత్‌టబ్బులు చేత్తో రెసిన్ పూసి చేసే షెడ్లలో. తలనొప్పి, మత్తు, మతిమరుపు, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోవడం, వినికిడి తగ్గడం దాని లక్షణాలు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలోకి చేర్చింది. ఏబీఎస్ ప్లాస్టిక్‌లో ఉండే అక్రిలోనైట్రైల్‌ని 2024లో నిర్ధారిత కారకాల్లోకే చేర్చింది. స్టైరీన్ సోకిందో లేదో మూత్రంలో మాండెలిక్ ఆమ్లం కొలిచి చెప్పొచ్చు. దీనికి మాత్రం షిఫ్ట్ అయిపోగానే నమూనా ఇవ్వాలి, మర్నాడు పొద్దున ఇస్తే చాలావరకు కొట్టుకుపోతుంది.

మీ వదినగారు కార్ల ప్లాస్టిక్ విడిభాగాల కంపెనీలో చేరబోతున్నారని, ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎవరో అన్నారని చివర రాశారు. అది కెనడాలో ఒంటారియో రాష్ట్రం విండ్సర్ చుట్టుపక్కల చేసిన అధ్యయనం, 2012లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న 1006 మంది ఆడవాళ్లని, లేని మరో పదకొండు వందల పైచిలుకు మందిని తీసుకుని జీవితమంతా ఏ ఏ పనులు చేశారో అడిగారు. కార్ల ప్లాస్టిక్ భాగాలు చేసినవాళ్లలో ఈ క్యాన్సర్ సుమారు 2.7 రెట్లు కనిపించింది, నెలసరి ఆగకముందే వచ్చిన కేసుల్లో తేడా ఇంకా ఎక్కువ. తోసిపారేసే అధ్యయనం కాదు. అలాగని ఆ పనిలో చేరిన ప్రతి ఆడమనిషికీ వస్తుందనీ కాదు. ఏ రసాయనం ఎంత సోకిందో అక్కడ కొలవలేదు, చేసిన పనిని బట్టి అంచనా వేశారు. అనుమానం హార్మోన్లని పోలి పనిచేసే రసాయనాల మీద: మెత్తటి పీవీసీలో పోసే థాలేట్ నూనెలు, పాలీకార్బొనేట్‌, ఎపాక్సీల్లోని బిస్ఫినాల్-ఏ వంటివి. చైనాలో బిస్ఫినాల్-ఏ ఫ్యాక్టరీల మగవాళ్లలో లైంగిక సమస్యలు చాలా ఎక్కువున్నాయని 2009లో వచ్చిన అధ్యయనం చూపింది. వదినగారికి నేను చెప్పేది, వేడి మెషీన్ దగ్గర పొగ లాగే హుడ్ ఉందో లేదో చూసుకుని చేరమని. గర్భం వస్తే ఆ చోటునుంచి మార్చమని అడగాలి. గట్టి పైపుల్లో ఈ నూనెలు దాదాపు ఉండవు కాబట్టి మీ ఆయన విషయంలో దీని గురించి టెన్షన్ వద్దు.

మాస్కుల గురించి చాలా అపోహలున్నాయి. చేతిరుమాలు దుమ్ముని కూడా సరిగ్గా ఆపదు. ఎన్95 మాస్క్ ముఖానికి అతుక్కుని ఉంటే పొడిని ఆపుతుంది, గడ్డం ఉంటే పక్కల్నుంచి దూరుతుంది. ఆవిరినీ వాయువునీ అది ఆపదు, వాటికి కార్బన్ కార్ట్రిడ్జి ఉన్న మాస్క్ కావాలి. పెడెస్టల్ ఫ్యాన్ పెడితే పొడి పోతుందనుకుంటారు, అది పక్కవాడి ముక్కులోకే పోతుంది. కావలసింది బస్తా కోసేచోటే పొడిని లాగేసే హుడ్. చిన్న యూనిట్‌కి కూడా అదేమీ మోయలేని ఖర్చు కాదు. చీపురు బదులు వ్యాక్యూమ్, లేదా తడిపి ఎత్తడం. తినడానికి వేరే గది, చేతులు కడుక్కోడానికి సబ్బు. స్టెబిలైజర్ పొడి రూపంలో కాకుండా గుళికలుగా దొరుకుతుంది, దానికి మారితే సగం సమస్య తీరుతుంది.

ఇక హక్కులు. జీతం స్లిప్పులో ఇఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత 0.75 శాతం ఉందేమో చూడండి. ఉంటే ఆయనకి, మీకు, బాబుకి ఇఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. సీసం విషం ఇఎస్ఐ వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. కాబట్టి పనివల్లే అని నమోదైతే దాన్ని పనిలో తగిలిన గాయంలాగే చూస్తారు, పనికి వెళ్లలేని రోజులకి డబ్బు వస్తుంది. ఇక్కడ కీలకం కేసు షీటు మీద "పీవీసీ మిక్సింగ్, సీసం స్టెబిలైజర్" అని డాక్టరు చేత రాయించడం. అది లేకపోతే వట్టి కడుపునొప్పిగా మిగిలిపోతుంది. కాంట్రాక్టర్ కింద ఉన్నా ఈ హక్కు ఉంటుంది, కాకపోతే కాంట్రాక్టర్ మారినప్పుడల్లా రికార్డు తెగిపోతుంది. స్లిప్పులు, గేట్ పాస్, అటెండెన్స్ ఏది దొరికితే అది ఫోటో తీసి దాచండి.

సీసం విషాన్ని గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకి తెలియజేయాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, మూడో షెడ్యూల్లో మొదటి పేరే సీసం. భోపాల్ తర్వాత 1987లో చేసిన సవరణలతో ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకి ఏ రసాయనం వాడుతున్నారో తెలుసుకునే హక్కు, వైద్య పరీక్షల హక్కు వచ్చాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ వ్యాధుల నివేదన కొనసాగుతోంది. 40 ఏళ్లు దాటినవాళ్లకి ఏడాదికోసారి ఉచిత పరీక్ష అన్నది కొత్త. మీ ఆయనకి 34, పైగా మామూలు హెల్త్ చెకప్‌లో బ్లడ్ లెడ్ ఉండదు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అదే కోడ్‌లో కరెంటుతో నడిచే యూనిట్‌ని ఫ్యాక్టరీ అనడానికి కావలసిన మనుషుల సంఖ్యని 10 నుంచి 20కి పెంచారు. దుమ్ము ఎక్కువ, జాగ్రత్త తక్కువ ఉన్నవి చిన్న యూనిట్లే. నాకైతే ఇది వెనకడుగుగానే కనిపిస్తుంది.

కానీ మొదటి రోజే చట్టం పుస్తకం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లమని చెప్పను. ఉద్యోగం పోతే ఇల్లు గడవదని మీరే రాశారు. రిపోర్టు వచ్చాక ఆయన ఒక్కడే కాకుండా మిక్సింగ్‌లో చేసే మిగతా ఇద్దరి చేత కూడా పరీక్ష చేయించండి. ముగ్గురి అంకెలూ పెరిగి ఉంటే అది ఒక మనిషి ఫిర్యాదు అవ్వదు, సెక్షన్ సమస్య అవుతుంది. అప్పుడు అడగాల్సినవి: ఆయనకి ప్యాకింగ్‌లోకో లోడింగ్‌లోకో తాత్కాలికంగా మార్పు, వన్‌ప్యాక్ బస్తా మీది పేరు, దాని సేఫ్టీ డేటా షీటు, పొడి లాగే హుడ్. చాలామంది ఓనర్లు కాల్షియం-జింక్‌కి మారడం తేలికని అప్పటికే తెలిసినవాళ్లు, వెనకనుంచి ఒక తోపుడు కోసం చూస్తుంటారు. వినకపోతే ఫ్యాక్టరీల శాఖకి రాయొచ్చు, పేరు బయటపెట్టవద్దని అందులోనే కోరొచ్చు.

ఉద్యోగం మానాలా అంటే, అంకె 20 లోపుంటే సెక్షన్ మారి, బట్టలు, చేతుల జాగ్రత్త పాటించి, రెండు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. రెండుసార్లు 20 దాటినా, ఒకసారి 30 వచ్చినా మిక్సింగ్‌లోకి మళ్లీ అడుగుపెట్టకూడదు, యూనిట్‌లో వేరే పని ఇవ్వకపోతే మానడమే. 40 పైన ఉండి నొప్పి ఉంటే ముందు ఆసుపత్రి. 5 లోపు వస్తే సీసం కాదన్నమాట, అప్పుడు నొప్పికి వేరే కారణం వెతకాలి, ఈసారి గ్యాస్ట్రో డాక్టరుకి ఈ రిపోర్టు కూడా చూపించండి. మీదీ, బాబుదీ రిపోర్టుల్లో ఏది 5 దాటినా ఆయన అంకె ఎంతున్నా సరే బట్టల సంగతి ఆ రోజే తేలిపోవాలి. గర్భం సంగతి చూసే డాక్టరుకి కూడా అదే రోజు చూపించి, ఐరన్, కాల్షియం మాత్రలు మానకుండా వేసుకోండి.

వెళ్లేటప్పుడు బస్తా లేబుల్ ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. ఇంగ్లిష్‌లో ఉన్నా పరవాలేదు, డాక్టరుకి ముందు కావలసింది అదే.